‘బోరు’: ఒక ఆంగ్లపదానికి సీమ నేల ఇచ్చిన అర్థం
(ముదిగుబ్బ ప్రాంత వ్యవహారం ఆధారంగా ఒక పరిశీలన)

వ్యాససంగ్రహం:

ఆంగ్లం నుంచి తెలుగులోకి వచ్చిన ‘బోరు’ అనే పదం నేడు రెండు వేర్వేరు అర్థాలలో వాడుకలో ఉంది. పట్టణ వ్యవహారంలో అది విసుగు. అనంతపురం మెట్టప్రాంతంలో అది నీరు, అప్పు, పరువు, భవిష్యత్తు. ముదిగుబ్బ పరిసరాల వ్యవహారాన్ని ఆధారం చేసుకొని ఈ పదం రూపాన్ని, దానితో కలిసి వచ్చే క్రియలను, విభక్తులను, దాని చుట్టూ ఏర్పడిన పదజాలాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ‘గొట్టపు బావి’ అనే అనువాదపదం ఈ నేలకు ఎందుకు సరిపోదో వివరిస్తుంది. రాయలసీమ కథాసాహిత్య విమర్శ ‘కరువు’ అన్న మాటకు ఇచ్చిన ప్రాధాన్యాన్ని ‘బోరు’ అన్న మాటకు ఇవ్వకపోవడం వల్ల ఏం కోల్పోయిందో చర్చిస్తుంది.

కీలకపదాలు: బోరు, అన్యదేశ్యం, అర్థవిపరిణామం, మాండలికం, వృత్తిపదకోశం, రాయలసీమ కథ, ముదిగుబ్బ.

1. ఉపోద్ఘాతం:

అన్యదేశ్యాలను గురించిన చర్చ తెలుగులో తరచు రెండు కొసలలో సాగుతుంది. ఒక పక్షం ప్రతి ఆంగ్లపదానికీ తెలుగు సమానార్థకం కల్పించాలంటుంది. మరొక పక్షం ఆంగ్లపదాల రాకను అనివార్యమని సరిపెట్టుకుంటుంది. రెండు పక్షాలూ పదం ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్న దగ్గరే ఆగిపోతాయి. వచ్చిన పదం ఇక్కడ ఏ పని చేస్తోంది, ఏ క్రియతో జతకట్టింది, ఎవరి నోట ఏ బరువుతో పలుకుతోంది అన్న ప్రశ్నలు మిగిలిపోతాయి. ఆ ప్రశ్నలను ఒక్క పదం విషయంలోనైనా నిలకడగా వేసుకోవడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఇందుకు ముదిగుబ్బ తగిన స్థలం. అనంతపురం నుంచి కదిరికి వెళ్లే రహదారి మీద, ధర్మవరం–పాకాల రైలుమార్గంలో ఉన్న ఈ మండలకేంద్రం 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో భాగం. అంతకుముందు అనంతపురం జిల్లాలో ఉండేది. ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. దేశంలో అతి తక్కువ వర్షం కురిసే జిల్లాలలో ఇదొకటి. నేల అడుగున గట్టి నల్లరాయి. పైన పలుచని ఎర్రమట్టి. వేరుసెనగ ప్రధాన పంట. ఇటువంటి చోట ‘బోరు’ అనే రెండక్షరాల మాట ఒక కుటుంబం స్థితిగతులను తేల్చగలదు.

2. నిఘంటువులు, వృత్తిపదాలు:

వాడుకలోని అన్యదేశ్యాలను గౌరవించి నమోదు చేసే పని తెలుగులో కొత్తది కాదు. కడపలో కొలువు చేసిన సి.పి. బ్రౌన్ 1854లో మిశ్రభాషా పదాలకు, తెలుగులో వాడే అన్యభాషాపదాలకు ప్రత్యేకంగా ఒక నిఘంటువు వెలువరించాడు. కచేరీలలో, సంతలలో, సైన్యంలో వినిపించే మాటలు తెలియకపోతే తెలుగు తెలిసినట్టు కాదన్న ఎరుక ఆ పని వెనుక కనిపిస్తుంది. తరువాతి కాలపు పెద్ద నిఘంటువులు ప్రధానంగా కావ్యప్రయోగాల మీద ఆధారపడినందున ఆ మార్గం కొనసాగలేదు.

1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి ప్రచురించిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వ్యవసాయపదాలకు కేటాయించబడింది. రైతుల నోటి నుంచే పదాలను సేకరించి, ప్రాంతభేదాలను గుర్తించిన ఆ కృషి తెలుగు భాషాశాస్త్రంలో మైలురాయి. అయితే దాని కాలం గమనించాలి. గట్టి రాతిని తొలిచే యంత్రాలు మన దేశంలో విస్తరించింది 1966–67 బీహారు కరువు తరువాత, యూనిసెఫ్ సహాయంతో. రాయలసీమ పల్లెలకు బోరుబండ్లు విరివిగా చేరింది ఆ పైన. అంటే ఆ సంపుటం కపిల తోలే కాలపు వ్యవసాయాన్ని నమోదు చేసింది. సీమలో తరువాతి యాభై ఏళ్ల సేద్యానికి కేంద్రమైన పదజాలం దాని తరువాత పుట్టింది. ఆ పదజాలానికి సమగ్రమైన కోశం ఇప్పటికీ అవసరంగానే ఉంది.

3. రూపం, ధ్వని, భిన్నార్థాలు:

ఆంగ్లంలో ఈ పదానికి తొలిచే అర్థం ప్రాచీనమైనది. విసుగు అర్థం పద్దెనిమిదో శతాబ్దం మధ్యలో కనిపిస్తుంది. దాని మూలం గురించి ఆంగ్ల నిఘంటుకర్తలలోనే ఏకాభిప్రాయం లేదు. తెలుగులోకి ఈ రెండూ వేర్వేరు దారులలో వచ్చాయి. తొలిచే అర్థం యంత్రంతో పాటు పొలానికి వచ్చింది. విసుగు అర్థం కళాశాల, సినిమా, పత్రికల మీదుగా వచ్చింది. కాబట్టి ఇవి ఒకే పదానికి రెండు అర్థాలు అనడం కంటే, ఒకే రూపం గల రెండు పదాలు అనడం సమంజసం.

ఈ రూపానికి మరికొన్ని వాడుకలూ ఉన్నాయి. మెకానిక్కు దుకాణాలలో ‘ఇంజను బోరుకు వచ్చింది’ అంటారు. సిలిండరు లోపలి వ్యాసం అరిగిపోయి మళ్లీ తొలిపించవలసిన స్థితి అది. చేతిపంపును తెలుగునాట చాలా చోట్ల ‘బోరింగు’ అంటారు. ఆంగ్లంలో ‘తొలచడం’ అన్న అర్థం గల క్రియానామం ఇక్కడ వీధి మొగదల నిలబడిన నీటి సాధనం పేరయింది. ‘బోరింగు కొట్టు’ అంటే చేతిపంపు ఆడించి నీళ్లు తోడడం. ‘బోరు కొట్టు’ అంటే విసుగు కలగడం. రెంటిలో క్రియ ఒకటే. మొదటిదానిలో అది చేతిపని, రెండోదానిలో మనసుకు తగిలే అనుభవం. వీటికి తోడు ‘బోరున ఏడ్చు’, ‘బోరుమను’ అనే దేశ్యప్రయోగాలలోని ధ్వన్యనుకరణ శబ్దం ఉంది. దానికి ఆంగ్లంతో సంబంధం లేదు.

ఇన్ని భిన్నార్థాలున్నా వ్యవహర్తకు గందరగోళం కలగదు. వ్యాకరణమే వాటిని వేరు చేస్తుంది. ‘ఆయనకు బోరుంది’ అంటే ఆయన నీటివసతి గల రైతు. ‘ఆయనకు బోరుగా ఉంది’ అంటే ఆయనకు పొద్దుపోవడం లేదు. రెండు వాక్యాలలోనూ ‘కు’ విభక్తే. ఒక్క ‘గా’ ప్రత్యయం ఆస్తిని అనుభూతి నుంచి విడదీస్తుంది. అరువు పదం భాషలో ఇమిడిపోవడమంటే ఇదే. దాని అర్థభేదాలను మన వ్యాకరణం తన పద్ధతిలో నిర్వహిస్తుంది.

4. క్రియ చెప్పే కథ:

పదం అర్థం తెలుసుకోవాలంటే అది జతకట్టిన క్రియలను చూడాలి. బావిని ‘తవ్వుతారు’. బోరును ‘వేస్తారు’. ‘వేయు’ క్రియ తెలుగులో పునాది వేయడం, పంట వేయడం మొదలుకొని పందెం వేయడం, పాచికలు వేయడం, చీటీ వేయడం వరకు విస్తరించింది. ముదిగుబ్బ ప్రాంతంలో ‘బోరు వేసినాం’ అన్న మాటలో పంట వేయడంలోని ఆశా, పందెం వేయడంలోని అనిశ్చితీ రెండూ వినిపిస్తాయి.

అంతకంటె ముఖ్యమైనది ప్రేరణార్థక రూపం. పాతకాలపు రైతు ‘బావి తవ్వుకున్నాడు’. ఇప్పటి రైతు ‘బోరు వేయించినాడు’, స్థానిక ఉచ్చారణలో ‘బోరేపిచ్చినాడు’. మొదటి క్రియలో ‘కొను’ అనే ఆత్మార్థకం ఉంది. పని చేసేవాడు, ఫలం పొందేవాడు ఒకడే. ఇంటిల్లిపాదీ, ఇరుగుపొరుగూ చేయి వేస్తే నెలల తరబడి సాగే శ్రమ అది. రెండో క్రియలో చేసేది యంత్రం, చేయించేది రైతు. తమిళనాడులోని తిరుచెంగోడు వంటి చోట్ల నుంచి వచ్చిన బండి ఒక రాత్రిలో పని ముగిస్తుంది. అడుగుకు ఇంత అని లెక్కకట్టి డబ్బు తీసుకుంటుంది. నీళ్లు పడినా పడకపోయినా ఆ లెక్క మారదు. శ్రమ స్థానంలో రొక్కం, రొక్కం వెనుక అప్పు వచ్చిన చారిత్రక మార్పు ‘తవ్వుకొను’ నుంచి ‘వేయించు’కు జరిగిన ఈ మార్పులో నిక్షిప్తమై ఉంది.

ఫలితాన్ని చెప్పే క్రియ ‘పడు’. ‘నీళ్లు పడినాయి’, ‘నీళ్లు పడల్యా’. నేల అడుగు నుంచి పైకి రావలసిన నీటికి ‘పడు’ వాడడం పైకి విపరీతంగా తోస్తుంది. కాని ‘వాన పడింది’ అన్న వాక్యాన్ని పక్కన పెడితే దాని తర్కం తెలుస్తుంది. రెంటిలోనూ నీరు మనిషి వశంలో లేదు. చేపలు వలలో పడినట్టు, నీరు బోరులో పడాలి. లోతు, ఖర్చు, యంత్రం అన్నీ కొలతకు లొంగుతాయి. నీరు మాత్రం ‘పడాలి’.

మరొక క్రియ కనుమరుగవుతోంది. అది ‘ఊరు’. బావి ‘ఊరుతుంది’. తోడిన నీటి స్థానంలో రాత్రికి కొత్త నీరు చేరుతుందన్న జ్ఞానం ఆ క్రియలో ఉంది. ఎంత ఊరితే అంతే తోడాలన్న నియమమూ అందులోనే ఉంది. బోరు విషయంలో ఆ క్రియ వినిపించడం అరుదు. బోరు ‘వస్తుంది’, ‘పోస్తుంది’, ‘తగ్గుతుంది’, ‘ఎండిపోతుంది’. బావిలో నీటిమట్టం కంటికి కనిపిస్తుంది. ఆరున్నర అంగుళాల రంధ్రంలో వందల అడుగుల కింద ఏముందో కనిపించదు. కనిపించని దానికి ‘ఊరు’ అన్న క్రియ వాడుకలో నిలవలేదు. నేటి భూగర్భజల ప్రచారంలో ‘రీచార్జి’ అన్న మాట వాడుతున్నారు. పల్లెలో ఆ మాటకు ముందుగా స్ఫురించేది సెల్‌ఫోను. డబ్బు కడితే వెంటనే నిండేది అన్న అర్థం దానికి అంటుకొని ఉంది. ఊట నెమ్మదిగా, వానను బట్టి, చెరువును బట్టి నిండేది. ఈ సందర్భంలో తెలుగుపదాన్ని తిరిగి తేవడానికి భాషాభిమానం కంటె బలమైన కారణం ఉంది. ఆ పదమే విషయాన్ని సరిగా చెబుతోంది.

5. ‘గొట్టపు బావి’ ఎందుకు చాలదు?

పాఠ్యపుస్తకాలలో, ప్రభుత్వపత్రాలలో ‘గొట్టపు బావి’ అన్న పదం కనిపిస్తుంది. తెలుగుదనం దృష్ట్యా దీనిని మెచ్చుకోవచ్చు. వస్తుస్వభావం దృష్ట్యా అనంతపురం నేలకు ఇది సరిపోదు. ఒండ్రునేలలలో, ఇసుక పొరలలో వేసే బావికి అడుగుదాకా గొట్టం అవసరం. లేకపోతే గోడలు కూలిపోతాయి. దానికి ‘గొట్టపు బావి’ అన్న పేరు యథార్థం. గట్టి రాతినేలలో పరిస్థితి వేరు. పైనున్న మట్టి, మెత్తని రాయి కూలకుండా కొన్ని అడుగుల వరకే కేసింగు దించుతారు. కిందిదంతా గొట్టం లేని రాతిరంధ్రమే. నీరు రాతి పగుళ్లలో నుంచి ఆ రంధ్రంలోకి చేరుతుంది. ఇక్కడ ప్రధానమైనది తొలచడం. రైతు నోటి ‘బోరు’ ఆ తొలచడాన్నే చెబుతోంది. పండితుడు కల్పించిన పదం కంటె నిరక్షరాస్యుడు స్వీకరించిన పదం శాస్త్రీయంగా నిర్దుష్టమైన సందర్భం ఇది.

‘బావి’ అన్న ఉత్తరపదం కూడా పరిశీలించదగ్గది. బావికి గట్టు ఉంటుంది, మెట్లు ఉంటాయి, నీడ ఉంటుంది, నలుగురు చేరే చోటు ఉంటుంది. ఎండినా బావి బావిగానే మిగులుతుంది. ఎండిన బోరుకు ఇవేవీ లేవు. మూత వేయని పాత బోర్లలో పసిపిల్లలు పడిపోయిన దుర్ఘటనలు దేశమంతటా జరిగినందువల్లనే 2010లో సుప్రీంకోర్టు వాటి విషయంలో మార్గదర్శకాలు ఇవ్వవలసి వచ్చింది. పత్రికలు వాడే ‘బోరుబావి’ అన్న మిశ్రసమాసం రాజీమార్గం. పల్లె వ్యవహారం మాత్రం ‘బావి’ని వదిలి ‘బోరు’ను మిగుల్చుకుంది. ఆస్ట్రేలియా ఆంగ్లంలోనూ నీటి కోసం తొలిచిన రంధ్రాన్ని ఒంటిగా ‘బోర్’ అనే అంటారు. రెండు పొడినేలలు ఒకే పదాన్ని ఒకే విధంగా కుదించుకోవడం ఆసక్తికరం.

ఇలాగని పాత వ్యాకరణం పూర్తిగా తొలగిపోలేదు. ‘చెరువు కింద మడి’, ‘కాలువ కింద ఆయకట్టు’ అన్నట్టే ‘బోరు కింద రెండెకరాలు’ అంటారు. చెరువుకట్ట ఎత్తులో ఉంటుంది, మడి దిగువన ఉంటుంది. అక్కడ ‘కింద’ భౌగోళిక సత్యం. బోరులో నీరు పొలానికి అడుగున ఉంది. అయినా పొలం ‘బోరు కింద’ ఉంది. విజయనగర కాలం నుంచి చెరువులను నమ్ముకున్న సీమ సేద్యం తన విభక్తిని కొత్త నీటివనరుకు వారసత్వంగా ఇచ్చింది. చెరువు పోయినచోట కూడా చెరువు వ్యాకరణం నిలిచి ఉంది.

6. బోరు కుటుంబం:

ఒక పదం స్థిరపడిందనడానికి దాని చుట్టూ ఏర్పడిన పరివారమే సాక్ష్యం. బోరు వేయవలసిన స్థలం ‘పాయింటు’. దానిని చూపేవాడు అరచేతిలో టెంకాయతోనో, వేపపుల్లతోనో పొలమంతా తిరుగుతాడు. ఇటీవల పరికరాలతో భూగర్భ నిపుణులూ వస్తున్నారు. ఇద్దరు చూపేదీ ‘పాయింటే’. ఆంగ్లంలో బిందువు, అంశం, మార్కు అన్న అర్థాలున్న పదం ఇక్కడ నీటి జాడకు పర్యాయమైంది. ఆ తరువాత కేసింగు, మోటారు, పైపులు, స్టార్టరు, త్రీఫేజు కరెంటు వరుసగా వస్తాయి. నీటిని ‘అంగుళాల’లో కొలుస్తారు. ‘రెండంగళాల నీళ్లు’ అంటే పైపు నుంచి వచ్చే ధార పరిమాణం. బావిలోతును నిలువులతో, అంటే మనిషి దేహంతో కొలిచిన సమాజం బోరు లోతును అడుగులతో, బిల్లుతో కొలుస్తోంది.

ఈ కుటుంబంలో ఆలోచింపజేసే సభ్యురాలు ‘ఫెయిలు’. బడిలో పిల్లవాడు ఫెయిలవుతాడు, పొలంలో బోరు ఫెయిలవుతుంది. ‘నాలుగు బోర్లు ఫెయిలైనాయి’ అన్న వాక్యంలో కర్త బోరే. కాని ఊరి దృష్టిలో ఆ అపజయం రైతుకు అంటుకుంటుంది. అధికారిక పత్రాలలో దానికి స్థానమే లేదు. అడంగల్లో నీటివనరు గడిలో నీళ్లున్న బోరుకు చోటుంటుంది. నీళ్లు పడని బోరు వనరు కాదు గనుక దానికి గడి లేదు. ఆ బోరు కోసం చేసిన అప్పు మాత్రం వడ్డీవ్యాపారి చీటీలో ఉంటుంది. వ్యవహారంలో పేరు ఉండి, లిఖితపత్రంలో చోటు లేని ఈ వస్తువు సీమ రైతు ఋణభారాన్ని అర్థం చేసుకోవడానికి కీలకమైనది. 2020 సెప్టెంబరులో రాష్ట్రప్రభుత్వం ప్రారంభించిన ఉచిత బోర్ల పథకానికి ‘జలకళ’ అని సంస్కృతసమాసం పేరుగా పెట్టారు. ప్రజలు మాత్రం దానిని ‘ఉచిత బోరు’గానే అర్థం చేసుకున్నారు. ఆశను చెప్పడానికి సంస్కృతం సరిపోయింది. అనుభవాన్ని చెప్పడానికి ‘బోరు’ కావలసి వచ్చింది.

7. సాహిత్యవిమర్శకు ఒక సూచన:

1950లలో విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’లో సీమ దుఃఖానికి నదిని కేంద్రం చేశాడు. బండి నారాయణస్వామి ‘శప్తభూమి’, 2019లో కేంద్రసాహిత్య అకాడమి పురస్కారం పొందిన నవల, పద్దెనిమిదో శతాబ్దపు అనంతపురం ప్రాంతాన్ని చిత్రించింది. సింగమనేని నారాయణ తన కథాసంపుటికి ‘జూదం’ అని పేరు పెట్టాడు. వేంపల్లి గంగాధర్ ‘మొలకల పున్నమి’కి 2011లో అకాడమి యువపురస్కారం లభించింది. ఈ సాహిత్యం మీద వచ్చిన విమర్శ అధికంగా ‘కరువు’ అన్న పదం చుట్టూ తిరిగింది. కరువుకథ, కరువుసీమ, కరువుబతుకు అన్న పరిభాష స్థిరపడిపోయింది.

‘కరువు’ అన్న పదానికి ఒక పరిమితి ఉంది. అది ఆకాశం నుంచి వస్తుంది. ఊరంతటికీ వస్తుంది. దాని ముందు మనిషి బాధితుడు. ‘బోరు’ అలాకాదు. అది ఒక నిర్ణయం. ఎవరు వేయించారు, ఎవరి దగ్గర అప్పు తెచ్చారు, ఎవరి బోరు లోతుగా దిగి ఎవరి బోరును ఎండబెట్టింది అన్న ప్రశ్నలు దానితో పుడతాయి. 2002 నాటి ‘వాల్టా’ చట్టం బోర్లకు అనుమతి, రిగ్గులకు రిజిస్ట్రేషను, తాగునీటి వనరులకు రక్షణ వంటి నియమాలు పెట్టింది. నీరు పొరుగువారి మధ్య తగాదా అయిందని ఆ చట్టమే అంగీకరించింది. కరువుకథలో ఘర్షణ మనిషికీ ప్రకృతికీ మధ్య. బోరుకథలో ఘర్షణ అన్నకూ తమ్ముడికీ, గట్టుకు అటూ ఇటూ ఉన్నవారికీ మధ్య, చివరికి రైతుకూ అతని ఆశకూ మధ్య. బోరుకథలను కూడా కరువుకథలుగా చదివినప్పుడు మార్కెట్టు, విద్యుత్తు, అప్పు, పోటీ అన్నవి నేపథ్యంలోకి జారిపోతాయి. పాత్ర చేసిన తప్పొప్పుల నిర్ణయం విధిగా కనిపిస్తుంది. సానుభూతి పెరుగుతుంది గాని అవగాహన పెరగదు.

కాబట్టి సీమకథలను నీటిపదజాలం ఆధారంగా వర్గీకరించి చదివే ప్రయత్నం చేయవచ్చు. కపిల, ఆయిలింజను, బోరు అన్న మూడు దశలు మూడు సామాజిక సంబంధాలను సూచిస్తాయి. కపిలలో పశువు, పాట, ఉమ్మడి శ్రమ ఉన్నాయి. ఆయిలింజనులో తొలి పెట్టుబడి ఉంది. బోరులో అప్పు, పోటీ, అదృశ్యత ఉన్నాయి. ఒక కథలో ఏ సాధనం ఏ క్రియతో వచ్చిందో గమనిస్తే, కథాకాలంతో పాటు కథకుని దృష్టికోణమూ తెలుస్తుంది. పరిశోధక విద్యార్థులకు ఇది చేపట్టదగ్గ అంశం.

8. విసుగు బోరు, నీటి బోరు:

ముదిగుబ్బలో కళాశాలకు వెళ్లే యువకుడి నోట ఈ రెండు పదాలూ ఉన్నాయి. తరగతిగదిలో పాఠం బోరు. ఇంటిదగ్గర నాన్న చెప్పే ముచ్చట బోరుదే. భాషలో ఈ రెండూ ఢీకొనవు. సామాజికంగా మాత్రం వీటి మధ్య ఒక అంతరం ఉంది. విసుగుకు తీరిక కావాలి. నీటిబోరు ఉన్న ఇంట కరెంటు వచ్చే వేళను బట్టి నిద్రాహారాలు నడుస్తాయి. ప్రసారమాధ్యమాల తెలుగు మొదటి బోరునే తెలుగుజాతి మొత్తపు వాడుకగా చూపుతుంది. భాషాబోధనలో అన్యదేశ్యాలకు ఉదాహరణలు ఇచ్చేటప్పుడు కూడా రైలు, బస్సు, ఫోను వంటివే చెబుతాం. విద్యార్థి ఇంట రోజూ వినే ‘బోరు’, ‘పాయింటు’, ‘ఫెయిలు’ అన్నవాటి అర్థవిపరిణామాన్ని తరగతిలో చర్చిస్తే, భాషాశాస్త్రం అతని పొలంలోకి నడుస్తుంది.

9. ముగింపు:

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

• ‘బోరు’ రూపంలో ఆంగ్లపదమైనా, క్రియాసాహచర్యంలో, విభక్తిలో, అర్థంలో సీమ తెలుగుపదం.
• ‘తవ్వుకొను’ నుంచి ‘వేయించు’కు జరిగిన మార్పు శ్రమ నుంచి ఋణానికి జరిగిన మార్పును సూచిస్తుంది.
• రాతినేలకు ‘గొట్టపు బావి’ కంటె ‘బోరు’ నిర్దుష్టమైన పదం. ‘రీచార్జి’ కంటె ‘ఊట’ నిర్దుష్టమైన పదం. పదాన్ని ఎంచుకోవడంలో ప్రమాణం దాని పుట్టుక కాదు, అది సత్యాన్ని చెప్పగల శక్తి.
• వ్యవసాయ వృత్తిపదకోశానికి బోరుకాలపు పదజాలంతో అనుబంధ సంపుటం అవసరం. సీమ సాహిత్యవిమర్శకు ‘కరువు’తో పాటు ‘బోరు’ను కూడా విమర్శపదంగా స్వీకరించవలసిన అవసరం ఉంది.

బావి తవ్వుకున్న తరం తన మాటలతో పాటు వెళ్లిపోతోంది. బోరు వేయించిన తరం వయసు మీదపడుతోంది. వారి నోటి మాటలను నమోదు చేయగలిగిన సమయం ఇదే. నీళ్లు పడిన బోరుకు మోటారు ఉంటుంది, పడని బోరుకు మాట మాత్రమే మిగులుతుంది. ఆ మాటనైనా నిఘంటువు దాచుకోగలిగితే, దాని వెనుకనున్న మనిషికి లెక్కలో చోటు దొరుకుతుంది.